చెమటతో షుగర్ చెప్పే బనియన్ కొనమంటారా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్ళు. పద్నాలుగేళ్ళుగా షుగర్ ఉంది. రెండేళ్ళ నుంచి పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేసుకుంటున్నారు. ఇంట్లో మీటరుతో తరచూ చూసుకోమని డాక్టరు గారు చెప్పారు. కానీ ఆయన వేలు గుచ్చనివ్వరు. "వేళ్ళన్నీ జల్లెడ చేశారు" అని విసుక్కుంటారు. మొన్న ఒక పెళ్ళిలో మా పిన్ని అల్లుడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. బనియన్ లాంటిదే, బట్టలోనే సెన్సర్లు ఉంటాయట. చెమటను బట్టి ఫోనులో షుగర్ అంకె వస్తుందట. ధర 18,500 రూపాయలు, ముందు 5,000 కట్టి బుక్ చేసుకోవాలి. అప్పటి నుంచి నాన్నగారిది ఒకటే పట్టు. నిజంగా బట్టలో అలాంటివి పెట్టగలరా? కొనమంటారా? ఇంకో సంగతి. మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇదేదో బాగుంది, నేనే ప్రాజెక్టుగా చేస్తానంటున్నాడు. చేయనివ్వవచ్చా?
— తణుకు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. ఆ ఐదు వేలూ కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే వెనక్కి అడగండి. మిగతాది తీరిగ్గా చదవండి, తొందరేమీ లేదు.

నాన్నగారిని మాత్రం కోప్పడకండి. నేను ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేసినవాణ్ణి. ఎన్ని వేల వేళ్ళు గుచ్చానో లెక్క లేదు. "అబ్బే, చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే" అని అందరికీ ధైర్యం చెప్పేవాణ్ణి. నా వేలు నేనే గుచ్చుకోవలసి వచ్చిన రోజున కళ్ళు గట్టిగా మూసుకున్నాను. సూది లేకుండా షుగర్ తెలిస్తే బాగుండునని షుగర్ ఉన్నవాళ్ళంతా అనుకుంటారు. ఆ వీడియో తీసినవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు.

ఇక బట్టలో సెన్సర్లు పెట్టగలరా అంటే, పెట్టగలరు. ఇరవై ఏళ్ళ నుంచి పెడుతున్నారు. పెళ్ళిలో మీకు చూపించిన వీడియోలో ఆ సగం నిజమే, చిక్కల్లా మిగతా సగంతోనే.

పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, రసాయన సెన్సర్‌లో ఒక రకం అలాగే పనిచేస్తుంది. ఒక రంగు, అది తగిలిన ద్రవం ఆమ్లమా క్షారమా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఐరోపాలో 2005 ప్రాంతంలో బయోటెక్స్ అనే ఉమ్మడి పరిశోధన మొదలైంది. ఐర్లండ్‌లోని డబ్లిన్ సిటీ యూనివర్సిటీ వాళ్ళూ అందులో ఉన్నారు. గుడ్డ పట్టీలోకి చెమటను లాగి, అలా రంగు మారే అద్దకంతో ఆమ్లత్వాన్నీ, వేరే పద్ధతిలో సోడియాన్నీ కొలిచారు. చెమటను లాగడానికి పంపు అక్కర్లేదు. దీపపు ఒత్తి నూనెను పైకి లాక్కున్నట్టు నూలుపోగే లాక్కుంటుంది.

రెండో రకం కరెంటుతో పనిచేసేది. 2010లో అమెరికాలో, శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాంగ్ బృందం లోదుస్తుల నడుము ఎలాస్టిక్ మీద కార్బన్ సిరాతో ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటును అందుకునే గీతలు, అచ్చు వేసింది. టీషర్టు మీద బొమ్మలు వేసే స్క్రీన్ ప్రింటింగే అది. ఎలాస్టిక్కే ఎందుకంటే బట్ట మొత్తంలో ఒంటికి వదలకుండా అంటుకుని ఉండేది అదొక్కటే. అదే విశ్వవిద్యాలయం బర్క్లీ ప్రాంగణంలో అలీ జావీ, వే గావ్ బృందం 2016లో చేతికీ నుదుటికీ కట్టుకునే పట్టీ తయారు చేసింది. అది చెమటలో గ్లూకోజు, లాక్టేటు, సోడియం, పొటాషియం నాలుగింటినీ ఒకేసారి కొలిచి ఫోనుకు పంపేది. హార్వర్డ్, ఎంఐటీ వాళ్ళు 2021లో చూపించిన మాస్కు ఇంకా చిత్రంగా ఉంటుంది. ఎండబెట్టిన జీవరసాయనాలను గుడ్డలో దాచి, ఊపిరి తేమలో కరోనా వైరస్ ఉందో లేదో గంటన్నరలో చెప్పించారు.

మన దగ్గర కూడా ఉంది. బెంగళూరులో అచీరా ల్యాబ్స్ అనే సంస్థ పరీక్షలకు పనికొచ్చే పట్టీలను పట్టుదారంతో నేసి, ఆ పనిని 2011లో ప్రచురించింది. తర్వాత షుగర్ కొలిచే ఎలక్ట్రోడ్లనే దారాలుగా చేసి నేతలో కలిపింది. పోచంపల్లిలో నూలుకు ముందే ముడులు కట్టి రంగు అద్ది, మగ్గం మీదికి వచ్చేసరికి పడుగులో పేక పడగానే బొమ్మ తన చోట తాను తేలేటట్టు చేస్తారు చూడండి, ఇదీ అలాంటిదే. రసాయనం ముందే దారానికి పూసి ఉంటుంది, నేత పూర్తయ్యేసరికి సెన్సర్ దాని చోట అది ఉంటుంది. కాకపోతే ఒక్క తేడా గమనించండి. వాళ్ళు నేసింది ఒంటి మీద వేసుకునే బట్ట కాదు, రక్తపు చుక్క వేసి చూసి పారేసే పట్టీ. ఆ తేడాలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది.

షుగర్ కొలవడానికి ఒక ఎంజైము కావాలి, గ్లూకోజ్ ఆక్సిడేజ్ అంటారు. దాన్ని ఎలక్ట్రోడ్ మీద కూర్చోబెట్టే ఉపాయం 1962లో లీలాండ్ క్లార్క్ చెప్పాడు. అది గ్లూకోజును పట్టుకుని మారుస్తుంది. ఆ క్రమంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఎలక్ట్రోడ్ దాన్ని చూసి కాస్త కరెంటు ఇస్తుంది. ఎంత కరెంటు వస్తే అంత షుగర్ అని లెక్క. మీ ఇంట్లో మీటరుకు పెట్టి రక్తపు చుక్క వేసే స్ట్రిప్పు కూడా ఆ కోవలోదే. అయితే స్ట్రిప్పును డబ్బాలోంచి తీసి, ఒక్కసారి వాడి పారేస్తాం. ఎంజైమంటే మాంసకృత్తు. ఎండా, తేమా, సబ్బూ దానికి పడవు. అదే ఎంజైమును బనియన్‌కు పూసి, వేసవంతా వేసుకుని, రోజూ డిటర్జెంటులో నానబెట్టి, బండకేసి బాది, దండెం మీద ఆరేస్తే ఏం మిగులుతుంది?

డబ్బాలో ఉన్నదానికే దిక్కు లేదు. ఒకాయన ప్రతి నెలా మా ల్యాబుకు వచ్చేవాడు. ఆయన ఇంటి మీటరుకూ మా పరీక్షకూ ఎప్పుడూ పొంతన కుదిరేది కాదు. మీటరు మార్పించాం, అయినా అంతే. చివరికి ఒక రోజు స్ట్రిప్పులు ఎక్కడ పెడతారని అడిగితే, వంటింట్లో స్టవ్ పైన అలమరలో, మూత తీసి, అన్నాడు. మూత తీయడం, పెట్టడం చేతులు వణికి ఇబ్బందిగా ఉందట. ఆర్నెల్లు ఆయన మందులు ఆ అంకెలను బట్టే మారాయి. నేను కూడా ఆ ప్రశ్న ఆర్నెల్ల తర్వాత గానీ అడగలేదు. అది నా తప్పే.

సరే, ఎంజైము గట్టిదే దొరికిందనుకుందాం. అసలు ఇబ్బంది బట్టతో కాదు, చెమటతో.

నాన్నగారి రక్తంలో షుగర్ 100 ఉందనుకోండి. అంటే డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు. అప్పుడు చెమటలో ఉండేది సుమారు వందో వంతు, ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. అంత తక్కువ కొలిచే సెన్సర్లు ఉన్నాయి, దానికి ఆశ్చర్యపోనక్కర్లేదు. కానీ ఆ ఒక్క మిల్లీగ్రాము ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరు చెబుతారు? మామిడిపండు తిన్న చేత్తో ఛాతీ గోక్కుంటే అంతకంటే ఎక్కువ అంటుకుంటుంది. చర్మం మీదే కాస్త గ్లూకోజు ఉంటుంది. అక్కడుండే సూక్ష్మజీవులు దాన్ని తింటూ ఉంటాయి. పైగా చెమట ధార ఎప్పుడూ ఒకేలా ఉండదు. మెట్లెక్కితే ఒక రకం, ఫ్యాను కింద కూర్చుంటే ఒక రకం. ఎక్కువ పోస్తే అందులోది పలచబడుతుంది. రక్తంలో షుగర్ కదలకపోయినా చెమటలో అంకె కదులుతుంది.

బనియన్ వేసుకుంటే ఇంకో తంటా. పొలం నుంచి వచ్చినవాళ్ళ చొక్కా వీపు మీద తెల్లటి చారలు చూశారు కదా. నీరు ఆరిపోయి ఉప్పు మిగిలింది. చెమటలో ఉన్నదంతా అలాగే మిగులుతుంది, గ్లూకోజు కూడా. పొద్దున ఎనిమిదింటి చెమట ఆరిన చోటే పదకొండింటి చెమట వచ్చి కలుస్తుంది. సెన్సర్ కొలిచేది ఏ గంట చెమటని? పరిశోధకులు పట్టీలో సన్నటి కాలవలు చేసి, పాత చెమట ముందుకు పోయి కొత్తది వచ్చేలా తిప్పలు పడేది దీనికోసమే. మామూలు నూలు బనియన్ మాత్రం పీల్చి పట్టుకుని కూర్చుంటుంది. బనియన్ చేసే పనే అది, దాన్ని తప్పు పట్టలేం.

మీ నాన్నగారి విషయంలో ఇంకొకటి ఉంది. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళలో చెమట పట్టించే నరాలు కూడా దెబ్బతినవచ్చు. కాళ్ళకు చెమట తగ్గిపోతుంది, చర్మం పొడిబారి పగులుతుంది. పైన ముఖానికీ మెడకూ ఎక్కువ పడుతుంది. కొందరికి అన్నం తింటుండగానే కారిపోతుంది. అంటే షుగర్ చూడటానికి చెమట అవసరమైన మనిషికే చెమట లెక్క తప్పుతుంది. ఇక ఏసీ గదిలో పడుకుంటే అసలు చెమటే ఉండదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకు భయపడాల్సిన వేళ నిద్రలో షుగర్ పడిపోయే వేళే. అది బాగా పడిపోయి చల్లటి చెమట పట్టేదాకా ఈ బనియన్ దేన్ని చూసి చెబుతుంది?

చెమట పనికిమాలినదని నేననడం లేదు. న్యూయార్క్‌లో 1948లో ఎండలు మండిపోయినప్పుడు, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బున్న పిల్లలు వరసగా సొమ్మసిల్లి ఆస్పత్రికి వచ్చారు. పాల్ డి సాంత్ ఆగ్నీజ్ అనే పిల్లల డాక్టరు ఎందుకిలా అని వెతికితే, వాళ్ళ చెమటలో ఉప్పు మామూలు కంటే చాలా ఎక్కువగా పోతోందని తేలింది. 1953లో ఆ సంగతి ప్రచురించారు. ఈనాటికీ ఆ జబ్బును చెమట పరీక్షతోనే నిర్ధారిస్తారు. క్లోరైడు లీటరుకు 60 మిల్లీమోల్‌లు దాటితే అనుమానం బలపడినట్టే. అక్కడ అంత బాగా పనిచేసిన చెమట షుగర్ దగ్గర ఎందుకు తడబడుతుంది? ఆ జబ్బులో పాడైంది చెమట గ్రంథుల్లో ఉప్పును వెనక్కి తీసుకునే ద్వారమే. చెమట తన ఇంటి గుట్టు తాను చెబుతోంది. తన సంగతి అడిగితే చెమట బాగానే చెబుతుంది. రక్తం సంగతి అడిగితే పక్కింటివాళ్ళ సంగతి అడిగినట్టే, విన్నదీ ఊహించుకున్నదీ కలిపి చెబుతుంది.

అందుకే నీళ్ళూ ఉప్పూ ఎంత పోయాయో చెప్పే పట్టీలు బజారులోకి వచ్చాయి. గేటరేడ్ కంపెనీ 2021లో ఆటగాళ్ళ కోసం ఒకటి అమ్మకానికి పెట్టింది. చేతికి అంటించుకుంటే చెమట ఎంత పోతోందో, అందులో సోడియం ఎంతో రంగుల గీతలతో చూపిస్తుంది. నన్నడిగితే ఇవి క్రికెటర్ల కంటే సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో, గల్ఫ్ ఎండల్లో కాంక్రీటు పోసే మనవాళ్ళకు ఎక్కువ అవసరం. కానీ కొనగలిగేవాళ్ళ కోసమే ఏ వస్తువైనా ముందు తయారవుతుంది, ఏం చేస్తాం.

సూది లేకుండా షుగర్ చెబుతామన్నవాళ్ళు ఇంతకుముందూ చాలామంది ఉన్నారు. వాళ్ళు చిన్నా చితకా వాళ్ళు కూడా కాదు. గ్లూకోవాచ్ అని చేతి గడియారం ఒకటి అమెరికాలో 2001లో అనుమతి తెచ్చుకుంది. సన్నటి కరెంటుతో చర్మం కింది ద్రవాన్ని పైకి లాగి కొలిచేది. దాన్ని సరిచూసుకోవడానికి మళ్ళీ వేలు గుచ్చాల్సిందే. చర్మం ఎర్రబడి దురద పెట్టేది. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, చెమట పడితే ఆ రీడింగు వదిలేసేది. చెమట దానికి శత్రువు! కొన్నేళ్ళకు అది అంగళ్ళ నుంచి మాయమైంది. 2014లో గూగుల్ కన్నీటిలో షుగర్ చూసే కాంటాక్ట్ లెన్సు చేస్తామని ప్రకటించింది. 2018లో ఆ పని ఆపేశారు. కన్నీటి షుగర్‌కూ రక్తపు షుగర్‌కూ నమ్మదగినంత పొంతన కుదరలేదు. గూగుల్‌కు డబ్బు లేకా, తెలివి లేకా? 2024 ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. చర్మానికి గుచ్చకుండా సొంతంగా షుగర్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదు, అలాంటివి నమ్మి మందులు మార్చుకోవద్దు అని.

మన దేశంలోనూ 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. అమ్మేవాడికి ఫోన్ చేసి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన లైసెన్సు కాగితం పంపమని అడగండి. "ఇది వైద్య పరికరం కాదండీ, వెల్‌నెస్ ప్రొడక్టు" అనే జవాబు వస్తే, షుగర్ చెప్పదని వాడే ఒప్పుకున్నట్టు. పిన్ని అల్లుడు అప్పటికే ఒకటి కొనేసి ఉంటే చిన్న పరీక్ష చెబుతాను. తడిపిన దిండుకు ఆ బనియన్ తొడిగి ఫోను చూడమనండి. 128 అనో 142 అనో వచ్చిందంటే దిండుకు కూడా షుగర్ ఉన్నట్టే. వయసూ బరువూ ముందే అడిగి, వాటిని బట్టి నమ్మేలా ఉండే అంకె చూపించే యాప్ తయారు చేయడం మీ అబ్బాయికి ఒక ఆదివారం పని.

నవ్వులాటకు అన్నాను గానీ ఇందులో ప్రమాదం ఉంది. మామూలు మాత్రలు వేసుకునేవాళ్ళు చాలామంది తప్పుడు అంకె చూసి ఒక లడ్డూ తక్కువ తింటారేమో. నాన్నగారు ఇన్సులిన్ మీద ఉన్నారు. 110 ఉన్నప్పుడు బనియన్ 260 అంటే, "రెండు యూనిట్లు ఎక్కువ వేసుకుందాం" అనిపిస్తుంది. షుగర్ పడిపోతే కాసేపట్లో స్పృహ తప్పవచ్చు.

చెమట షుగర్ గురించి నిజంగా చెప్పే మాట ఒకటుంది, దానికి సెన్సర్ అక్కర్లేదు. షుగర్ బాగా తగ్గినప్పుడు ఒళ్ళంతా చల్లటి చెమట పడుతుంది, చెయ్యి వణుకుతుంది, గుండె దడదడలాడుతుంది. బీపీకో గుండెకో కొన్ని రకాల మాత్రలు వాడుతుంటే వణుకూ దడా తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. ఎండ లేని వేళ, ఫ్యాను తిరుగుతుండగా, నాన్నగారి బనియన్ ఉన్నట్టుండి తడిసిందంటే వెంటనే మీటరుతో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూడండి. మీటరు చేతికి దగ్గర్లో లేకపోతే ముందు పంచదారే ఇవ్వండి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు ఆ వేళ్ళ సంగతి చూద్దాం. ఆయన పంతం వెనక ఉన్నది నొప్పి. నొప్పి చాలావరకు మనం గుచ్చే తీరు వల్ల వస్తుంది. ఎక్కువమంది వేలి కొసన మధ్యలో, మెత్త మీద గుచ్చుతారు. స్పర్శ తెలిసే నరాలు అక్కడే గుంపుగా ఉంటాయి. కొస పక్కన, గోరుకు కాస్త ఇవతల గుచ్చితే నొప్పి తగ్గుతుంది. బొటనవేలూ చూపుడువేలూ వదిలేయండి, రోజంతా వాటితోనే పని. మిగతా మూడింటినీ రెండు చేతుల్లో మార్చి మార్చి వాడండి. గుచ్చే పెన్నుకు లోతు మార్చే చక్రం ఉంటుంది. అది కొన్నప్పుడు ఏ అంకె మీద ఉందో ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. ఒకటి తగ్గించి చూడండి, రక్తం వస్తే ఇంకొకటి తగ్గించండి. సూదిని రోజూ మార్చండి. పొదుపని అదే సూది నెలంతా వాడితే మొన మొద్దుబారి గుచ్చదు, చీరుతుంది. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

గుచ్చే ముందు గోరువెచ్చటి నీళ్ళతో చేతులు కడిగి, బాగా తుడిచి, చెయ్యి ఒక నిమిషం కిందికి వేలాడదీయమనండి. రక్తం సులువుగా వస్తుంది, పిండక్కర్లేదు. కడగడం ఇంకో కారణానికి కూడా ముఖ్యం. మామిడిపండు కోసిన చేత్తో చూస్తే లేని షుగర్ కనిపిస్తుంది. ఇంటి మీటరు కూడా దేవుడేమీ కాదు. ప్రపంచ ప్రమాణం ప్రకారం 100 పైన ఉన్నప్పుడు నూటికి పదిహేను వంతుల తేడా వరకు ఒప్పుకుంటారు. అంటే అసలు 200 ఉంటే 170 చూపించినా, 230 చూపించినా మీటరు బాగున్నట్టే. అలా 200 దగ్గర ల్యాబుకూ ఇంటికీ ఇరవై తేడా వచ్చిందని టెన్షన్ పడి కొత్త మీటరు కొనకండి.

ఇన్ని చేసినా ఆయన ఒప్పుకోకపోతే, 18,500 పెట్టడానికి సిద్ధపడ్డారు కాబట్టి, భుజానికి పెట్టుకుంటే రాత్రింబగళ్ళు షుగర్ చూసే పరికరం, సీజీఎం అంటారు, దాని గురించి డాక్టరు గారిని అడగండి. చిన్న బిళ్ళలా ఉంటుంది. కింద వెంట్రుకంత సన్నటి తీగ ఉంటుంది, పెట్టేటప్పుడు ఒక్కసారి చురుక్కుమంటుంది. తర్వాత రెండు వారాల వరకు ఫోనులో షుగర్ గీత కనిపిస్తూనే ఉంటుంది. అదీ అదే ఎంజైము పద్ధతే, ఒంటి మీద వేసుకునే రసాయన సెన్సరే. తేడా ఏమిటంటే అది చెమటను అడగదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని అడుగుతుంది. ఆ ద్రవం రక్తం వెనకే నడుస్తుంది, ఐదు పది నిమిషాలు ఆలస్యంగా. ఒక్కొక్కటి కొన్ని వేల రూపాయలవుతుంది కాబట్టి ఏడాది పొడుగునా పెట్టుకోవడం అందరికీ కుదరదు. రెండు మూడు నెలలకోసారి పెట్టుకున్నా రాత్రి ఎప్పుడు తగ్గుతోంది, ఏం తింటే పెరుగుతోంది అన్నది డాక్టరు గారికి తెలుస్తుంది. ఒంట్లో ఏదో తేడాగా ఉండి, అది చూపించే అంకె వేరేగా ఉంటే మాత్రం వేలు గుచ్చి చూడాల్సిందే.

బట్టలో సెన్సరే కావాలి అని ఆయన ఇంకా పట్టుబడితే, షుగర్ ఉన్నవాళ్ళకు బట్ట నిజంగా సాయం చేసే చోటు పాదాలు. అమెరికాలో సైరన్ అనే కంపెనీ మేజోళ్ళలో ఉష్ణోగ్రత చూసే సెన్సర్లు నేసి ఇస్తోంది. పుండు పడబోయే చోట ముందు వేడి పెరుగుతుంది. ఒక పాదానికీ రెండో పాదంలో అదే చోటికీ 2.2 సెల్సియస్ డిగ్రీల కంటే ఎక్కువ తేడా నిలిచి ఉంటే జాగ్రత్త పడాలని పరిశోధనల్లో తేలింది. ఇందులో రసాయనం ఏమీ లేదు, వేడి ఒక్కటే. అందుకే ఇది నిలబడింది. మన ఇంట్లో మేజోళ్ళు వేసుకునే అలవాటే లేదు. రోజూ రాత్రి పడుకునే ముందు ఆయన అరికాళ్ళను మీరే చేత్తో తాకి చూడండి, వేళ్ళ సందులు చూడండి. కనబడకపోతే చేతి అద్దం పెట్టండి. రెండు నిమిషాల పని.

మీ అబ్బాయిని మాత్రం ఆపకండి. కానీ షుగర్ జోలికి వెళ్ళొద్దనండి, కనీసం మొదట్లో. ఆమ్లత్వంతో మొదలుపెట్టమనండి. ఆమ్లత్వాన్ని కొలిచే అంకెను పీహెచ్ అంటారు. బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంగు పీహెచ్ 5 దగ్గర పసుపుగా, 7 దగ్గర ఊదాగా ఉంటుంది. చెమట తిరిగేది ఎక్కువగా ఆ మధ్యలోనే. నూలుగుడ్డ ముక్కకు ఆ రంగు పట్టించి, ఫోను కెమెరాతో చదవడం నేర్చుకోమనండి. అది కుదిరాక సోడియం. కాలేజీలో అనుమతి తీసుకుని, సైకిలు తొక్కే స్నేహితుల చెమట పట్టి, తన పట్టీ చెప్పిన అంకెనూ ల్యాబు అంకెనూ పక్కపక్కన రాయమనండి. తర్వాత ఆ గుడ్డను ఇరవై సార్లు సబ్బుతో ఉతికి మళ్ళీ కొలవమనండి. ఎన్నో ఉతుకులో చెడిందో నిజాయితీగా రాస్తే, "99 శాతం ఖచ్చితత్వం" అని రాసిన పాతిక ప్రాజెక్టుల కంటే నేను దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. తాతగారి మీద మాత్రం ప్రయోగాలు వద్దు. ఆయన అసలే ఆశ మీద ఉన్నారు, మనవడు చేసిందంటే ఎదురు ప్రశ్న వేయకుండా నమ్మేస్తారు.

ఈ రోజే చేయాల్సింది ఒకటుంది. స్ట్రిప్పుల డబ్బా తీసి గడువు తేదీ చూడండి, తెరిచి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోండి. అనుమానంగా ఉంటే కొత్తది కొని, తెరిచిన తేదీ పెన్నుతో డబ్బా మీదే రాయండి. రెండు వారాలు పైన చెప్పినట్టు వేలి పక్కన గుచ్చి, అంకె పక్కన టైమూ, ఏం తిన్నారో, ఎన్ని యూనిట్లు వేసుకున్నారో ఒక నోటుబుక్కులో రాసి డాక్టరు గారి దగ్గరకు పట్టుకెళ్ళండి. ఆ రెండు వారాల్లో 70 లోపు అంకె ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి.